స్టార్టయి ఆగిపోతున్న పెట్రోల్ లాన్ మోవర్: పార్టులు కొనకముందే చూడాల్సినవి

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నెట్టుకుంటూ వెనక నడిచే పెట్రోల్ మెషిన్, ఫోర్ స్ట్రోక్. పోయిన సీజన్ చివరిదాకా ఏ గొడవా లేకుండా గడ్డి కోసింది. ఆ తర్వాత కొన్ని నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు తాడు లాగీ లాగీ చేతులు పడిపోయాక ఎప్పటికో అంటుకుంటోంది, ఐదారు సెకన్లు తిరిగి ఆగిపోతోంది. స్పార్క్ ప్లగ్ కొత్తది వేసినా లాభం లేదు. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది) మార్చాలా, కాయిల్ (ప్లగ్‌కి స్పార్క్ పంపేది) మార్చాలా, లేక మెషినే మార్చేయాలా అని అడిగారు. ఏడాది పొడవునా ఏమేం చూసుకోవాలో కూడా చెప్పమన్నారు.

ముందుగా, దయచేసి ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు రాసిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. ఇంజిన్ అంటుకుని ఐదు సెకన్లు తిరిగిందంటే ప్లగ్ దగ్గర స్పార్క్ వస్తోందన్నమాట. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి గట్టిగా నొక్కుకోవడం, ఉంది. టైమింగ్, అంటే స్పార్క్ వచ్చే వేళ, కూడా పనికొచ్చే స్థితిలోనే ఉంది. ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఆ ఐదు సెకన్లు కూడా తిరగదు. కాబట్టి కాయిల్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ప్రైమర్ బల్బు (నొక్కితే పెట్రోల్ లోపలికి పంపే రబ్బరు బుడ్డి) నొక్కినప్పుడో, చోక్ (గాలిని తగ్గించే మూత) వేసినప్పుడో లోపలికి వెళ్లిన కాస్త పెట్రోల్ కాలింది. ఆ తర్వాత కార్బ్యురేటర్ తనంతట తాను ఇవ్వాల్సిన పెట్రోల్ ఇవ్వలేకపోతోంది. రోగం అక్కడుంటే మీరు మందు ప్లగ్‌కి వేశారు.

నెలల తరబడి కదలకుండా ఉన్న ఏ మోవర్ విషయంలోనైనా నా మొదటి అనుమానం పాత పెట్రోల్ మీదే. పెట్రోల్‌లో తేలికైన భాగాలు, బరువైన భాగాలు కలిసి ఉంటాయి. చల్లటి ఇంజిన్‌ని అంటించేవి ఆ తేలికైనవే, ముందు ఆవిరైపోయేవీ అవే. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగుకు చేరుతుంది. చిన్న ఇంజిన్లు తయారుచేసే కంపెనీలు చాలావరకు పది శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి, అంతకు మించితే వద్దంటాయి. పెట్రోల్‌ని ముప్పై రోజులకు మించి ఊరికే ఉంచొద్దని మాన్యువల్స్‌లో రాసేది కూడా ఇందుకే. ట్యాంకులో లీటరు పెట్రోల్ పాడవడానికి కాస్త టైం పడుతుంది. కార్బ్యురేటర్ కింది గిన్నె, అంటే బౌల్‌లో ఉండేది మాత్రం కొద్ది చెంచాలు. దానికి గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి ముందు చెడేది అదే. ఆ బౌల్‌లో మునిగి ఉండి పెట్రోల్‌ని కొలిచి పైకి వదిలే జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా సన్నం. అందులో సన్నటి జిగురు పొర ఏర్పడితే చాలు, మీ మెషిన్ చేస్తున్నట్టే చేస్తుంది.

ఏ పనికైనా ముందు ప్లగ్ క్యాప్ పీకి, మళ్లీ ప్లగ్‌ని తాకకుండా దూరంగా కట్టేయండి. బ్లేడ్‌ని చేత్తో కాస్త తిప్పినా ఇంజిన్ తిరుగుతుంది, తిరిగితే స్పార్క్ వస్తుంది. లోపల మండే మిశ్రమం కాస్త మిగిలి ఉంటే వేళ్లు పోతాయి. ఇంజిన్ ఆగి ఉందని ధీమాగా బ్లేడ్ దగ్గర చెయ్యి పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తర్వాత ట్యాంకులోని పెట్రోల్‌ని గాజు సీసాలోకి తీసి వెలుతురులో చూడండి. మంచి పెట్రోల్ తేటగా ఉంటుంది, వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది. పాతబడినది ముదురు రంగుకి తిరిగి, పెయింట్ డబ్బా మూత తీసినట్టు పుల్లటి వాసన వేస్తుంది. సీసా అడుగున వేరే పొర గానీ, అటూ ఇటూ దొర్లే బొట్లు గానీ కనిపిస్తే అది నీళ్ల పొర. ఆ పెట్రోల్‌ని కొత్తదాంట్లో కలిపి వాడేయాలని చూడకండి. మొత్తం తీసేసి, ఈ మధ్య కొన్నది పోయండి. ఇలా తీసిన పాత పెట్రోల్‌ని కాలవలో గానీ నేల మీద గానీ పారబోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

కార్బ్యురేటర్ విప్పే ముందు మన అనుమానాన్ని ఖాయం చేసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బ్యురేటర్ నోట్లోకి కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే ఒక్కసారి కొట్టి, ప్లగ్ క్యాప్ తగిలించి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు గట్టిగా తిరిగి ఆగిపోతే ఇక సందేహం లేదు, పెట్రోల్ అందట్లేదు. దీనికి ఈథర్ ఉండే స్టార్టింగ్ స్ప్రే నేను వాడను. అది పిస్టన్ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, మంట కూడా మోటుగా అంటుకుంటుంది. క్లీనర్ కొట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే కథ వేరు. దాని సంగతి కింద రాశాను.

పెట్రోల్ ఎక్కడ ఆగిందో ట్యాంకు నుంచి కిందికి వెతుక్కుంటూ రండి. కార్బ్యురేటర్‌కి వచ్చే గొట్టం పీకి, సీసాలో పెట్టి, ట్యాప్ ఉంటే తెరవండి. ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే ట్యాంకు అడుగున ఉండే జల్లెడ గానీ, మధ్యలో ఉండే ఫిల్టర్ గానీ పూడుకుపోయింది. గొట్టం లోపలి వైపు మెత్తబడి అతుక్కుపోవడం కూడా జరుగుతుంది. బయటికి చక్కగానే కనిపిస్తుంది కాబట్టి చేత్తో నొక్కి చూడాలి. ధార బాగా వస్తుంటే అడ్డు కార్బ్యురేటర్‌లోనే ఉంది.

ఇప్పుడు అసలు పని. కార్బ్యురేటర్ కింద గిన్నెలా వేలాడేదే బౌల్, దాన్ని అడుగున ఒకే ఒక బోల్టు పట్టి ఉంచుతుంది. గవర్నర్ స్ప్రింగులు, చిన్న చిన్న కడ్డీలు ఏ రంధ్రంలోంచి ఏ రంధ్రంలోకి వెళ్తున్నాయో ముందే ఫోనుతో రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ఆ స్ప్రింగుని సాగదీయకండి, కడ్డీని వంచకండి. ఇంజిన్ వేగాన్ని పట్టి ఉంచేవి అవే. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ట్యాప్ లేకపోతే గొట్టాన్ని క్లిప్పుతో బిగించి, కింద చిన్న పళ్లెం పెట్టి ఆ బోల్టు విప్పండి. బోల్టు వైపు కూడా చూడండి. కొన్ని ఇంజిన్లలో మెయిన్ జెట్ ఈ బోల్టులోనే ఉంటుంది, దాని కాడకు అడ్డంగా సూది మొనంత రంధ్రాలు ఉంటాయి. చాలామంది బౌల్ అంతా తుడిచి, ఆ బోల్టుని మాత్రం అలాగే బిగించేసి, మెషిన్ మళ్లీ ఆగిపోతోందని వాపోతుంటారు.

బౌల్ అడుగున ఏముందో పరీక్షగా చూడండి. తెల్లటి పొడిలా ఉంటే అది నీరు చేసిన పని, అల్యూమినియం తుప్పు. గోధుమ రంగులో, గోరుతో గీకితే పాకంలా సాగితే అది పాత పెట్రోల్ జిగురు. తుప్పు ముక్కలుంటే ట్యాంకు గానీ బౌల్ గానీ లోపల తినేస్తోంది. ఇక కార్బ్యురేటర్ మధ్యలో కిందికి పొడుచుకొచ్చిన కాడలోకి టార్చి వేస్తే ఇత్తడి జెట్ కనిపిస్తుంది. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి, ఇత్తడి మెత్తగా ఉంటుంది కాబట్టి గాడి ఇట్టే చెడిపోతుంది. జెట్ తీశాక దాని వెనక ఉండే సన్నటి గొట్టం కూడా కిందికి జారుతుంది. దాని ఒంటి నిండా చిన్న రంధ్రాలుంటాయి, గాలి పెట్రోల్‌తో కలిసేది వాటిలోంచే.

జెట్‌ని వెలుతురుకు ఎదురుగా పట్టి ఒక కన్ను మూసి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచులు తేటగా కనబడాలి. అర్ధచంద్రంలాగానో మసకగానో కనిపిస్తే అడ్డు ఇంకా ఉన్నట్టే. శుభ్రం చేయడానికి డ్రిల్ బిట్టు, ఉక్కు సూది వాడొద్దు. రంధ్రం పిసరంత పెద్దదైనా పెట్రోల్ ఎక్కువ వెళ్లి ఇంజిన్ ఎప్పుడూ నల్లపొగ వదులుతుంది. కరెంటు వైరు ఒలిచి అందులోంచి ఒక రాగి పోగు తీయండి. రాగి ఇత్తడిని గీరదు. ఆ పోగుతో మెల్లగా పొడిచి, క్లీనర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, మళ్లీ కొట్టండి. కార్బ్యురేటర్ ఒంట్లో ఉన్న ప్రతి రంధ్రంలోకీ స్ప్రే గొట్టం ఆనించి కొట్టి, అటువైపు ఎక్కడో ఒకచోట నుంచి బయటికి వస్తోందా లేదా చూడండి. రానిచోట గుర్తు పెట్టుకుని మళ్లీ మళ్లీ కొట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ క్లీనర్ తిరిగి చిమ్మేది సరిగ్గా మొహం మీదికే. రబ్బరు రింగులకు, ఫ్లోట్‌కి (పెట్రోల్ మట్టంతో పాటు పైకీ కిందికీ తేలే ముక్క) వేలాడే నీడిల్ రబ్బరు మొనకు క్లీనర్ తగలనివ్వకండి. ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోవు.

ఫ్లోట్‌ని పట్టి ఉంచే సన్నటి పిన్ను లాగితే ఫ్లోట్, దానికి వేలాడుతూ పెట్రోల్ దారిని మూసే నీడిల్ బయటికి వస్తాయి. నీడిల్ మొన చుట్టూ గాడి పడిందంటే పెట్రోల్‌ని పూర్తిగా ఆపలేదు. అప్పుడు రాత్రికి రాత్రి ట్యాంకంతా సిలిండర్‌లోకో, అక్కడి నుంచి ఆయిల్‌లోకో దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వేసినా, మట్టం ఉండాల్సినదానికన్నా పైకి ఉన్నా ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పకండి. నీడిల్ మార్చి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే తాడు లాగండి.

ఇంత చేశాక నూటికి తొంభై మోవర్లు అంటుకుని అలాగే తిరుగుతాయనే నా నమ్మకం. కార్బ్యురేటర్ ఒళ్లంతా తెల్లగా తినేసి, రంధ్రాల లోపల తుప్పు పట్టి ఉంటే మాత్రం శుభ్రం చేయడంలో అర్థం లేదు, అప్పుడు కొత్తది వేయడమే నయం. మీ ఇంజిన్ మోడల్ నంబరు చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. ఆ నంబరు ఇంజిన్ మీద ఉంటుంది, డెక్ (బ్లేడ్‌ని కప్పి ఉంచే రేకు) మీద ఉండేది మోవర్ నంబరు. రెండూ వేరు.

శుభ్రం చేశాక ఇంజిన్ ఆగకుండా నడుస్తోంది గానీ స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతోందంటే పని ఇంకా పూర్తి కాలేదు. సగం చోక్ వేసి చూడండి. ఊగడం ఆగితే ఇంజిన్‌కి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అందుతోంది. చిన్న స్పీడుకు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌లో ఇంకా అడ్డుంది, లేదంటే కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది. గవర్నర్ స్ప్రింగు జోలికి మాత్రం వెళ్లకండి. ఊగేది గవర్నర్ వల్ల కాదు, పెట్రోల్ చాలక పడిపోతున్న స్పీడుని నిలబెట్టడానికి అది తంటాలు పడుతోంది.

పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే మోవర్‌ది ఇంకో లెక్క. ఆగిన వెంటనే పెట్రోల్ మూత వదులు చేసి లాగండి. అంటుకుంటే మూతకి ఉండే గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులోకి గాలి వెళ్లకపోతే పెట్రోల్ కిందికి దిగదు. మూత వదులు చేసినా అంటుకోక, చల్లారాక మాత్రమే అంటుకుంటే అప్పుడు కాయిల్‌ని అనుమానించాలి. వేడెక్కాక లోపలి వైండింగ్ తెగుతూ ఉంటుంది. వేడిగా ఆగినప్పుడే స్పార్క్ చూడాలి, చల్లారాక చూస్తే బాగానే వస్తుంది.

ఇక అసలు అంటుకోని మోవర్ గురించి. మొదట ప్లగ్ తీసి మొన చూడండి. అదేపనిగా తాడు లాగాక కూడా పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, పైన చెప్పిందే. తడిసి ఉంటే పెట్రోల్ వస్తోంది గానీ కాలట్లేదు. స్పార్క్ చూడటానికి ప్లగ్‌కీ క్యాప్‌కీ మధ్య పెట్టే చిన్న టెస్టరు దొరుకుతుంది, అది వాడటం క్షేమం. ప్లగ్‌ని విప్పి ఇంజిన్‌కి ఆనించి చూసే పద్ధతి అందరికీ అలవాటే గానీ, తెరిచి ఉన్న ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంటే పక్కనే నిప్పురవ్వ పుట్టించడం నాకు ఇష్టం లేదు.

స్పార్క్ లేకపోతే కాయిల్ కొనకముందు హ్యాండిల్‌కి ఆనించి పట్టుకునే కడ్డీని, దాని కేబుల్‌ని చూడండి. ఆ కడ్డీ వదిలేస్తే కాయిల్ ఎర్త్ అయి స్పార్క్ ఆగుతుంది, ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్ మీద బ్రేకు పడుతుంది. చెయ్యి వదిలిన మూడు సెకన్లలో బ్లేడ్ ఆగాలన్న నిబంధన అమెరికాలో 1982లో అమల్లోకి వచ్చింది, ఈ కడ్డీ అప్పటి నుంచే అక్కడ మామూలైంది. కేబుల్ సాగిపోతే కడ్డీ పూర్తిగా పట్టుకున్నా బ్రేకు పూర్తిగా వదలదు, ఎర్త్ కూడా తెగదు. తాడు బిగుసుకుపోయి లాగడం కష్టంగా ఉండటానికి కూడా ఇదే కారణం కావచ్చు. కాయిల్‌కి వచ్చే ఆ ఎర్త్ వైరు పీకి టెస్టరుతో మళ్లీ చూస్తే తేలిపోతుంది. స్పార్క్ వస్తే కాయిల్ మంచిదే, తప్పు స్విచ్చుదీ వైరుదీ. ఆ వైరు పీకేసి అలాగే గడ్డి కోయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, కడ్డీ వదిలినా ఇంజిన్ ఆగదు. వైరు పీకినా స్పార్క్ రాకపోతే కాయిల్‌కీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సందు, అక్కడి తుప్పు చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ సందు పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, మందపాటి విజిటింగ్ కార్డు దూరితే దాదాపు సరిపోయినట్టే.

స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, అయినా అంటుకోవట్లేదు, పైగా తాడుని చేతిలోంచి వెనక్కి లాక్కుంటోంది అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బ్లేడ్ ఈ మధ్య దేనికైనా తగిలిందా? రాయికో, వేరుకో, పైపుకో తగిలితే బ్లేడ్‌ని తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్ ఒక్కసారిగా ఆగుతుంది, ఫ్లైవీల్ మాత్రం ఇంకా తిరగాలని చూస్తుంది. ఆ రెంటి మధ్య మెత్తటి లోహంతో చేసిన చిన్న కీ ఉంటుంది. అది ఒకటి రెండు మిల్లీమీటర్లు కోసుకుపోయినా చాలు, స్పార్క్ వేళ కాని వేళలో వస్తుంది. ఫ్లైవీల్ తీసి చూస్తే గాడి మీద గాడి సరిగ్గా కూర్చోకుండా మెట్టులా కనిపిస్తుంది. ఆ కీ బదులు ఉక్కు ముక్క పెట్టేవాళ్లున్నారు, అది దారుణం. కీ విరగాల్సిందే. అది విరగకపోతే ఆ దెబ్బంతా క్రాంక్ షాఫ్ట్ మీద పడుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. బ్లేడ్ బోల్టు వదులైనా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. చాలా మోవర్లలో ఫ్లైవీల్ తేలికపాటి అల్యూమినియంది. ఇంజిన్‌ని తిప్పుతూ ఉంచడానికి కావాల్సిన బరువులో కొంత బ్లేడ్ నుంచే వస్తుంది. బ్లేడ్ జారుతుంటే ఆ బరువు లేనట్టే. అందుకే ఫ్లైవీల్ విప్పే శ్రమ పడేముందు ప్లగ్ క్యాప్ పీకి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని బ్లేడ్‌ని పట్టుకుని ఊపి చూడండి.

మోవర్‌ని పక్కకి వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. తప్పు వైపు వంచితే ఆయిల్ ఫిల్టర్‌లోకి, సిలిండర్‌లోకి దిగుతుంది. తర్వాత స్టార్ట్ చేస్తే తెల్లటి నీలి పొగ కమ్ముకుంటుంది, ఇంజిన్ పోయిందని కంగారు పడతారు. ఫిల్టర్ మార్చి, పదినిమిషాలు నడిపితే ఆ ఆయిల్ కాలిపోతుంది. తాడు అసలు కదలకపోతే సిలిండర్‌లో ద్రవం నిండిపోయిందేమో చూడాలి. బలవంతంగా లాగకుండా ప్లగ్ తీసి, మొహం పక్కకి పెట్టి మెల్లగా లాగితే బయటికి చిమ్ముతుంది. వంచకుండానే ప్రతిసారీ నీలి పొగ వస్తుంటే ముందు ఆయిల్ ఎక్కువైందేమో చూడండి, ఆ తర్వాతే పిస్టన్ రింగుల గురించి ఆలోచించండి. నల్లపొగ అంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ఫిల్టర్ పూడుకుపోయి ఉంటుంది, లేదా చోక్ పూర్తిగా తెరుచుకోవట్లేదు.

తానే ముందుకు నడిచే రకం మోవర్ లాగడం మానేస్తే చాలావరకు కేబుల్ సాగడమో, బెల్టు అరగడమో, చక్రం లోపలి పళ్లు అరిగిపోవడమో కారణం. అన్నీ కంటికి కనిపించేవే.

ఇక రోజువారీ సంరక్షణ. అన్నిటికన్నా ముందు ఆయిల్. ఈ చిన్న ఇంజిన్లలో పట్టేది అర లీటరుకు అటూ ఇటూ మాత్రమే. చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ కూడా ఉండదు. అరిగిన లోహం, కాలిన మసి అంతా ఆ కాస్త ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది. కొత్త మెషిన్‌కి మొదటి ఐదు గంటల తర్వాత, ఆపైన యాభై గంటలకో ఏడాదికోసారో, ఏది ముందొస్తే అప్పుడు మార్చండి. దుమ్ములో, ఎండలో ఎక్కువ పని చేయిస్తే పాతిక గంటలకే మార్చడం మంచిది. వేడి వాతావరణానికి ఎస్‌ఏఈ 30, లేదా 10డబ్ల్యూ-30 గ్రేడు ఆయిల్. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మడ్డి కూడా ఆయిల్‌తో పాటే దిగుతుంది. ప్రతిసారి గడ్డి కోసే ముందు సమంగా ఉన్న చోట నిలబెట్టి మట్టం చూడండి. డిప్‌స్టిక్‌ని మర బిగించి చూడాలా, ఊరికే దించి చూడాలా అనేది ఇంజిన్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క లైను చదివి పెట్టుకోండి. ఆయిల్ మార్చక్కర్లేదు, తగ్గితే పోస్తే చాలని చెప్పి అమ్మే ఇంజిన్లు కూడా ఉన్నాయి. నా మెషిన్ అయితే నేను మారుస్తాను. మసి ఎక్కడికీ పోదు.

స్పాంజి ఫిల్టర్‌ని సబ్బు నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, కాస్త ఇంజిన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి వేయాలి. కాగితపు ఫిల్టర్‌కి నీళ్లూ ఆయిలూ రెండూ పనికిరావు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చండి, వెలుతురు కనిపించకపోతే మార్చేయండి. ప్లగ్ గ్యాప్ (మొన దగ్గర స్పార్క్ దూకే సందు) చాలా ఇంజిన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కొత్త ప్లగ్ అయినా కొలిచే వేయండి. ముందు చేత్తోనే మర ఎక్కించి, వాషర్ ఆనాక కొత్తదైతే అర చుట్టు, పాతదైతే పావు చుట్టు లోపు బిగిస్తే చాలు. అల్యూమినియం మర పాడైతే బాగుచేయడం పెద్ద పని.

బ్లేడ్ గురించి కాస్త ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే పచ్చిక ఆరోగ్యం దాని అంచు మీదే ఆధారపడి ఉంది. కోసిన మర్నాడు ఒక గడ్డిపోచ తెంపి కొన చూడండి. అడ్డంగా నున్నగా తెగి ఉంటే బ్లేడ్ బాగుంది. పీచు పీచుగా చీలి, కొన తెల్లబడి ఉంటే బ్లేడ్ కోయట్లేదు, కొట్టి చీలుస్తోంది. ఆకురాయితో గానీ గ్రైండరుతో గానీ మొదటున్న వాలునే అనుసరించి, సుమారు ముప్పై డిగ్రీల్లో, పై వైపు నుంచి మాత్రమే పదును పెట్టండి. మరీ పల్చగా తీస్తే అంచు మడతపడుతుంది. గ్రైండరు కింద నీలం రంగు వచ్చిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది, అందుకే మధ్యమధ్యలో చల్లారనివ్వాలి. తర్వాత గోడకి అడ్డంగా కొట్టిన మేకుకి బ్లేడ్ మధ్య రంధ్రాన్ని తగిలించండి. ఏ వైపు వాలితే ఆ వైపు ఇంకాస్త రుద్ది, సమంగా నిలిచేదాకా చూడండి. 53 సెంటీమీటర్ల బ్లేడ్ నిమిషానికి 3,100 చుట్లు తిరిగితే దాని కొన గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. ఆ వేగంలో కొద్ది గ్రాముల తేడా కూడా బేరింగుని, బోల్టుని, మీ చేతుల్ని అదరగొడుతుంది. పగులు ఉన్నా, రెక్క (కొన దగ్గర వంపు తిరిగిన భాగం) దగ్గర పల్చబడినా ఆ బ్లేడ్‌ని పారేయండి. అతుకు వేయించకండి. తిరిగి బిగించేటప్పుడు రెక్కలు పైకి, అంటే డెక్ వైపుకి ఉండాలి. బోల్టుని టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే స్పానర్) మాన్యువల్‌లో రాసినంత బిగించాలి.

బ్లేడ్ సరిగా ఉన్నా వణుకు తగ్గకపోతే క్రాంక్ షాఫ్ట్ వంగిందేమో చూడండి. ప్లగ్ పూర్తిగా తీసేసి, డెక్ అంచుకి ఒక గుర్తు పెట్టి, బ్లేడ్‌ని చేత్తో తిప్పి ఒకే కొన గుర్తు దగ్గరికొచ్చినప్పుడు ఎంత ఎత్తులో ఉందో చూడండి. తర్వాత రెండో కొనని కూడా అక్కడికే తెచ్చి చూడండి. బ్లేడ్ వంగలేదని బల్ల మీద పెట్టి తేల్చుకున్నాక కూడా తేడా కనిపిస్తే వంగింది షాఫ్టే. వంగిన షాఫ్టుని కొట్టి సరిచేసే ప్రయత్నం వద్దు. మెషిన్‌ని వదిలేసుకోవడానికి నాకు ఒప్పుదలైన కారణాలు రెండే: వంగిన షాఫ్టు, వాల్వులు సరిచేసినా తిరిగిరాని కంప్రెషన్.

డెక్ కింద పేరుకున్న గడ్డిని చెక్కముక్కతో గీకేయండి. అది తేమని పట్టి ఉంచి రేకుని తినేస్తుంది, గాలి తిరగకుండా చేసి కోసిన గడ్డిని ముద్దలుగా వదులుతుంది. ఇంజిన్ పైన కవరు కింద దాన్ని చల్లబరిచే రెక్కల్లో కూడా గడ్డి చేరుతుంది, ఎలుకలు గూడు కూడా కడతాయి. ఏడాదికోసారి కవరు తీసి శుభ్రం చేయకపోతే ఇంజిన్ వేడెక్కి ఆయిల్ మాడిపోతుంది. వేడి ఇంజిన్ మీద నీళ్ల పైపు పెట్టకండి, వేడిగా ఉండగా పెట్రోల్ పోయకండి. మూసి ఉన్న షెడ్డులో రెండు నిమిషాలైనా నడపకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గడ్డి తడిగా ఉన్నప్పుడు, బాగా పెరిగినప్పుడు ఒకే దెబ్బకి నేలకంటా కోయాలని చూడకండి. ఒక్కసారికి ఎత్తులో మూడో వంతుకి మించకపోతే మెషిన్‌కీ మంచిది, పచ్చికకీ మంచిది.

సీజన్ చివర మీరు చేసే పనిని బట్టే వచ్చే సీజన్ మొదటి రోజు ఎలా ఉంటుందో తేలుతుంది. నాకు నచ్చిన పద్ధతి ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, బౌల్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటే అది కూడా విప్పి మిగిలిన చెంచాడు తీసేయడం. ఇంజిన్ ఆగిపోయినా బౌల్ అడుగున కాస్త మిగులుతుంది, ఎండి జిగురయ్యేది అదే. పెట్రోల్ ఉంచే తీరాలంటే స్టెబిలైజర్‌ని (పెట్రోల్ త్వరగా చెడకుండా కలిపే మందు) కొత్త పెట్రోల్‌లోనే కలపాలి, పాతదాంట్లో కలిపితే ఏమీ ఒరగదు. కలిపాక పది నిమిషాలు ఇంజిన్ నడిపితేనే అది కార్బ్యురేటర్ దాకా చేరుతుంది. అదే రోజు ఆయిల్ మార్చండి, వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు నెలల పాటు బేరింగుల మీద ఉండకూడదు. ప్లగ్ తీసి చెంచాడు ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించి, గట్టిదనం తగిలేదాకా మళ్లీ లాగి వదిలేయండి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు.

మీ విషయంలో మాత్రం ముందు చేయాల్సినవి రెండే, కొత్త పెట్రోల్ పోయడం, బౌల్ విప్పి జెట్ శుభ్రం చేయడం. ఆ తర్వాత కూడా మొండికేస్తే ఈ సంగతులు చెప్పండి: బౌల్ అడుగున కనిపించింది ఏ రంగులో ఉంది, ఆగిన వెంటనే ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, క్లీనర్ స్ప్రే కొట్టినప్పుడు ఎంతసేపు తిరిగింది. ఇంజిన్ మీద ఉన్న మోడల్ నంబరు కూడా రాయండి.